ఇల్లుటపు అల్లుడి పేపరు

నా బల్ల సొరుగులో చాలా ఏళ్లు ఒకటే కత్తెర ఉండేది. పటాన్‌చెరులో ఒక దర్జీ తన దుకాణం మూసేస్తూ నాకిచ్చి వెళ్లిన కత్తెర. గుడ్డలు కోసి కోసి అరిగిపోయినా కాగితాన్ని సర్రున కోసేది. పొద్దున్నే పేపరు రాగానే నా వార్త ఎక్కడుందో వెతకడం, దాన్ని కత్తిరించి తెల్లకాగితం మీద అంటించడం, పైన ఎర్రసిరాతో తేదీ వేయడం నాకు చాయ్ కన్నా ముందు పని. నాలాగా చిన్న ఊళ్లలో పనిచేసిన విలేకరులందరిదీ అదే అలవాటు. నెలాఖరుకు ఆ కటింగులన్నీ కట్టగట్టి హెడ్డాఫీసుకు పంపితేనే మేం పనిచేసినట్టు లెక్క.

ఇప్పుడు ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కలిసినప్పుడు, "సార్, మీరు చూసినవాటిలో పెద్ద సంఘటన ఏది?" అని అడుగుతుంటారు. రంగుమారిన వాగు గురించో, ఫ్యాక్టరీ గేటు ముందు జరిగిన సమ్మె గురించో చెబుతానని వాళ్ల ఆశ. అవి నాకన్నా బాగా రాసినవాళ్లున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె జోరుగా కొట్టుకునే రోజు వేరే ఉంది. ఆ రోజు నేను ఒక్క అక్షరం రాయలేదు. నాలుగు నెలల కిందటి పేపరు ఒకటి వెతుక్కుంటూ పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, మళ్లీ అక్కడి నుంచి ఇటు గుమ్మడిదల దాకా పరుగెత్తాను. ఆ పరుగుకు కారణం నా కత్తెరే.

విలేకరులం వార్తలతో పాటు చిన్న ప్రకటనలూ తీసుకునేవాళ్లం. పోయిన సర్టిఫికెట్లు, దశదినకర్మలు, పేరు మార్పులు. నేను రిటైర్ కావడానికి రెండు మూడేళ్ల ముందు, ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ యూనిఫారంలోనే ఒకతను మా ఆఫీసుకు వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, పేరు మార్పు ప్రకటన వెయ్యాలె."

"ఎవరిది?"

"నాదే. ఇంటిపేరు."

"ఎందుకు మారుస్తున్నవ్?"

అతను కిటికీ వైపు చూశాడు. "ఇల్లుటం పోయిన సార్."

ఇల్లరికాన్ని మా వైపు ఇల్లుటం అంటారు. అతను ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. అత్తగారి ఊరు గుమ్మడిదల దగ్గర. మామగారికి ఒక్కతే కూతురు. ఆయన మంచాన పడ్డప్పుడు అల్లుడిని పిలిచి, తన తర్వాత ఆ ఇంటిపేరు చెప్పుకునేవాళ్లు ఆ గడపలో ఉండరని బాధపడ్డాడట. "నేనుంట మామా, నేను పెట్టుకుంట అన్న సార్. పోయేటోనికి ఇచ్చిన మాట." ఆ తర్వాత ఆధార్ కార్డు, పెళ్లి సర్టిఫికెట్, కూతురి జనన ధ్రువపత్రం అన్నీ కొత్త ఇంటిపేరుతోనే తీసుకున్నాడు. పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడో దుబాయి పోదామని తీసుకున్నది. అందులో పాత ఇంటిపేరే ఉండిపోయింది.

"ఇప్పుడు పాస్‌పోర్టుతోని పనేమొచ్చింది?"

అప్పుడు అతని ముఖం వెలిగింది. భార్య ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదట. ఐర్లండులో ఉద్యోగం వస్తే వెళ్లి అప్పటికి నాలుగు నెలలు. అతనూ, మూడేళ్ల పాపా డిపెండెంట్ వీసా మీద ఆమె దగ్గరికి వెళ్లాలి. పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్లో ఇంకొకటి ఉంటే వీసావాళ్లు భర్తవని నమ్మరు.

"డిపెండెంట్ అంటే ఏంది సార్? ఆధారపడ్డోడు అనేనా?"

"అట్లనే అనుకో."

"మంచిగైంది. మా ఊర్ల ఆ మాట ఇప్పటికే అంటున్నరు. ఇగ సర్కారు ముద్ర గుడ పడ్తది."

నవ్వుతూనే చెప్పాడు కానీ, ఊళ్లో ఏమంటున్నారో కూడా చెప్పాడు. ఇల్లూ ఆమెదే, పేరూ ఆమెదే, ఇగ వీసా గుడ ఆమెదే అని రచ్చబండ దగ్గర పాట కట్టినట్టు అంటారట. ఫ్యాక్టరీలో బిహారు నుంచి వచ్చిన దోస్తు రోజూ షిఫ్టు మారేటప్పుడు, "భాయ్, తేరీ బిదాయీ కబ్ హై?" అని అరుస్తాడట. పెళ్లికూతుర్ని అత్తారింటికి సాగనంపేది ఎప్పుడని. "వాడు అంటే నాకూ నవ్వొస్తది సార్. పోయే దినం వానికే మిఠాయి తినిపిస్త" అన్నాడు. ఆ మనిషి నాకు అప్పుడే నచ్చాడు.

ప్రకటన అచ్చయింది. ఇంగ్లిషు పేపరులో నగరంలోని ఏజెంటు వేయించాడు, తెలుగుది నేను. ఆ పొద్దున్నే అతను వచ్చేసరికి ప్రకటనను నీటుగా కత్తిరించి, తెల్లకాగితం మీద నడిమధ్యన అంటించి, పైన ఎర్రసిరాతో తేదీ వేసి సిద్ధంగా పెట్టాను.

"సార్, నేను ఐదు పేపర్లు కొన్న. దాసిపెట్టాలెనా?"

"ఎందుకయ్యా? కటింగ్ ఇచ్చిన గద. నేను ఇరవై ఐదేండ్ల సంది గిట్లనే ఇస్తున్న."

అతను రెండు చేతులతో తీసుకుని వెళ్లిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం ఒక పెద్దమనిషి సుడిగాలిలా లోపలికొచ్చాడు. తెల్లచొక్కా, మెడలో తువ్వాలు, చేతిలో చుట్టగా చుట్టిన మా పేపరు. బాయిలర్ ఆపరేటర్ భార్యకు సొంత చిన్నాయన, అంటే పోయిన మామగారి తమ్ముడు. ఆ పేపరుచుట్టతో నా బల్ల మీద ఫట్‌మని కొట్టాడు.

"ఎవర్ని అడిగి ఏసినవ్ రిపోర్టరూ? మా ఇంటిపేరు ఎవనికి వడ్తె వానికి పంచుతరా?"

"ప్రకటన ఇస్తే వేస్తం పటేలా. అది మా పని."

"అభ్యంతరాలుంటె చెప్పుండ్రి అని నువ్వే ఏసినవ్ గద కింద. నాకున్నది. రాస్కో."

"నాకు కాదు, అక్కడ రాసిన వకీలుకు చెప్పాలె."

"ఇయ్యాల పేరు అంటడు, రేపు పొలం అంటడు. మా అన్న పొలంల మా తాతల చెమట ఉన్నది. కోర్టుల జూస్కుంట!" మళ్లీ ఒకసారి బల్ల మీద కొట్టి, పేపరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. బల్ల మీద కొట్టినవాళ్లు నా ఉద్యోగంలో చాలామంది. సాయంత్రానికల్లా ఆయన్ని మరిచిపోయాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పదకొండున్నరకు బాయిలర్ ఆపరేటర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. నగరంలో పాస్‌పోర్టు ఆఫీసు నుంచి బైకు మీద నేరుగా మా దగ్గరికే.

"సార్, ఇంగ్లిషు పేపరు సూసి మేడం సరే అన్నది. మనది సూసి, ఈ తేదీ ఎవరు రాసిండ్రు అన్నది. మా సారు రాసిండు అన్న. మీ సారెవరు అన్నది."

ఆ అధికారి కావాలన్నది ఒక్కటే. పేజీ మొత్తం కావాలి. పేపరు పేరు, తేదీ అచ్చులో కనిపించాలి. మర్నాడు పదిన్నర లోపల తెస్తే ఫైలు ముందుకు కదులుతుంది, లేకపోతే దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. వీసా సెంటరులో అతనికీ పాపకూ దొరికిన తేదీ పన్నెండు రోజుల్లో ఉంది. అది తప్పితే మళ్లీ ఎన్ని నెలలకు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. పాప అమ్మను ముట్టుకుని ఎనిమిది నెలలు. రోజూ సాయంత్రం ఫోనులో అమ్మ ముఖం కనిపించగానే ఆ ఫోను తీసుకెళ్లి మంచం మీద దిండు వేసి పడుకోబెడుతుందట.

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పక్కనే కూర్చున్న మా ఫొటోగ్రాఫరు మాత్రం అన్నాడు. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, నోరు ఊరుకోదు. "అన్నా, నీ కత్తెరకు శాలువ కప్పి సన్మానం చేద్దాం."

"ముందు ఫైలు తియ్" అన్నాను.

ఆఫీసులో నెలనెలా పేపర్లు కుట్టిపెట్టే ఫైలు ఉంది. ఆ తేదీ దొరికింది. నా ప్రాణం లేచొచ్చింది. పేజీ తిప్పాను. ప్రకటన ఉండాల్సిన చోట చతురస్రంగా ఒక కిటికీ. ఆ కిటికీలోంచి అవతలి పేజీలోని క్రికెటర్ నవ్వుతూ మమ్మల్ని చూస్తున్నాడు. ఆ రోజు రెండు కటింగులు తీశాను, ఒకటి ఇతనికి, ఒకటి హెడ్డాఫీసుకు. రెండోది ఫైలులోంచే తీశానన్నమాట.

సంగారెడ్డిలో మా ఇన్‌చార్జికి ఫోన్ చేసి, రేపటి పేపరులో అదే ప్రకటన మళ్లీ వేయగలమా అని అడిగాను. "ఏందన్నా, ఇంత సీనియర్‌వు, రేపటి ప్రకటన ఇయ్యాల ఇస్తనంటవు? నిన్ననే రావాలె గద" అన్నాడు. వేసినా లాభం లేదని తర్వాత తట్టింది. నోటరీ చేసిన అఫిడవిట్లో పాత పేపరు తేదీ రాసి ఉంది, ఆ అఫిడవిట్ అప్పటికే ఫైలుకు ఎక్కింది. కంప్యూటర్లో కనిపించే పేపరును ప్రింటు తీస్తే ఒప్పుకోనని అధికారి ముందే చెప్పింది. కాగితమే కావాలి. ఆ తేదీదే కావాలి.

"నువ్వు కొన్న ఐదు ఏమైనయి?" అని అడిగాను.

రెండు దోస్తులకు పంచాడు. రెండు అత్తమ్మ పాత సామాన్ల బండికి వేసింది. ఐదోది ఏమైందో తేల్చుకోవడానికి అత్తమ్మకు ఫోన్ చేశాడు, ఆమె ఏదో చెప్పింది. అతను నా వైపు చూసి ఐర్లండుకు వీడియోకాల్ కలిపాడు. అవతల తెల్లకోటు వేసుకున్న అతని భార్య, ఏదో మెట్ల మీద నిలబడి మాట్లాడుతోంది.

"అంకుల్! అమ్మ మామిడికాయ తొక్కు సీసకు చుట్టి పంపింది ఆ పేపరే. మొన్న మా ఊరామె వచ్చినప్పుడు తెచ్చింది. రూమ్మేట్‌ని తీసి చూడమంట."

రెండు నిమిషాలకు ఫొటో వచ్చింది. మెంతిపిండి వాసన నా ముక్కుకు తగిలినంత పనైంది. పేజీ అంతా నూనెకు తడిసి అద్దంలా మెరుస్తోంది.

"తేదీ కనవడుతుంది అంకుల్. ఇంటిపేర్లు రెండూ కనవడ్తలేవు."

"నీ కన్నా ముందు నీ పేపరు పోయి ఆడ సెటిలైంది రా భాయ్" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆ అమ్మాయి అంత దూరంలో పకపకా నవ్వింది. ఇతనూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. లేచి చెప్పులేసుకున్నాను.

రెండు బైకుల మీద ముగ్గురం బయలుదేరాం. ముందు పాతకాగితాల దుకాణం. నాలుగు నెలల కిందటి కాగితం ఈపాటికి గుజ్జయి, అట్టపెట్టెలై, మళ్లీ మన ఫ్యాక్టరీలకే వచ్చి ఉంటుందన్నాడు దుకాణదారు. అక్కడి నుంచి బీరంగూడలో నాకు తెలిసిన ఒక సెలూనుకు వెళ్లాం. బ్లేడు తుడవడానికి పాత పేపర్లు దాచుకునే మనిషి. మంగలికుర్చీ పక్కన కట్టలు కట్టలుగా ఉన్నాయి. సగం గడ్డం నురగతో కూర్చున్న ఒక కస్టమరు కూడా లేచి మాతో వెతికాడు. ఆ తేదీ దొరికింది. తీరా చూస్తే అది మా పేపరు కాదు, పోటీ పేపరు. ఇన్నేళ్లలో ఆ పేపరును అంత ఆశగా చేతిలోకి తీసుకున్నది అదే మొదటిసారి.

"సంగారెడ్డి లైబ్రరీ" అన్నాను.

రెండు గంటలకు ముంబయి రోడ్డు మీద లారీల మధ్య నుంచి ఫొటోగ్రాఫరు బైకును ఎలా నడిపాడో అతనికే తెలియాలి. లైబ్రేరియను మంచి మనిషి. కట్టలు తనే దించి, దుమ్ము దులిపి ఇచ్చాడు. మా పేపరే. అదే తేదీ. ఒక్క ముక్క కత్తిరించలేదు. ఫొటోగ్రాఫరు నా భుజం చరిచాడు. లోపలి జిల్లా పేజీ తెరిచాను.

ప్రకటన లేదు.

ఇంకోసారి చూశాను. ప్రకటన ఉండాల్సిన చోట సంగారెడ్డి రోడ్ల గుంతల గురించి వార్త ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్లుగా నాకు తెలిసిన సంగతే. పేపరు ఒకటే అయినా లోపలి పేజీలు ప్రాంతానికో తీరుగా ఉంటాయి. సంగారెడ్డికి వచ్చేవి వేరు, పటాన్‌చెరుకు వచ్చేవి వేరు. మా ప్రకటన పటాన్‌చెరు కాపీల్లో మాత్రమే పడింది.

బాయిలర్ ఆపరేటర్ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా మూసేశాడు. "పోనియ్ సార్. మీరు గింత తిరిగిండ్రు" అన్నాడు. ఆ మాట నన్ను పొడిచినట్టు ఇంకేదీ పొడవలేదు.

తిరుగుదారిలో ముత్తంగి దగ్గర చాయ్‌కి ఆగాం. చాయ్ బండివాడు మిఠాయి గాజుసీసా మీద వాలిన ఈగను కొట్టడానికి పాత పేపరును చుట్టగా చుట్టి, ఫట్‌మని ఒకటి వేశాడు.

ఆ చప్పుడు నేను ఇంతకుముందు విన్నాను. నా బల్ల మీద విన్నాను.

"మీ చిన్నమామ!" అని అరిచాను. చేతిలో చాయ్ ఒలికింది. "ఆ రోజు మీ చిన్నమామ పేపరు తెచ్చిండు. పటాన్‌చెరు కాపీ. పొయ్యేటప్పుడు చంకల పెట్టుకొని పోయిండు!"

అతని ముఖంలో ఆశ వచ్చి, అంతలోనే పోయింది. "ఆయన నాతోని మాట్లాడక ఏడాదైంది సార్. ఇయ్యడు."

"అడిగితే కదా ఇయ్యడో ఇస్తడో."

బైకులను రింగురోడ్డు ఎక్కనివ్వరు కాబట్టి సర్వీసు రోడ్డు పట్టుకుని పోయాం. ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది, ఎక్కడి నుంచో ఫ్యాక్టరీ ఘాటు వాసన వస్తోంది. అత్తగారి ఇల్లు గల్లీకి ఇటు, ఆయనది అటు. ఆయన కొట్టంలో బర్రెలకు దాణా కలుపుతున్నాడు. నన్ను చూసి తలెత్తాడు. నా వెనక నిలబడ్డ అల్లుడిని చూడనట్టే ఉన్నాడు.

"ఏం రిపోర్టరూ, మల్ల ఎవరి పేరు మార్సవడితివి?"

"పటేలా, ఆనాటి పేపరున్నదా నీ దగ్గర?"

"ఎందుకుండదు? బీరువల ఉన్నది, పట్టా పాస్‌బుక్కు పక్కన. మా వకీలు చెప్పిండు. పేపరు మొత్తం దాచు, కోసుడు గీసుడు వద్దు, ముక్కలు పనికిరావు అన్నడు."

ఫొటోగ్రాఫరు నా వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. నా చెవులు వేడెక్కాయి.

ఆయన చేతులు కడుక్కుని లోపలికెళ్లి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన పేపరు తెచ్చాడు. మొత్తం ఉంది. తేదీ ఉంది. ప్రకటన ఉంది. చుట్టిన పేపరును మళ్లీ చదును చేసి దాచాడు. నేను చెయ్యి చాపితే వెనక్కి తీసుకున్నాడు. విషయం చెప్పాను. పాప గురించి, వీసా తేదీ గురించి, రేపు పదిన్నర గురించి. ఆయన విని అల్లుడి వైపు మొదటిసారి చూశాడు.

"ఇది నా సాక్ష్యం. నా సాక్ష్యం నీ చేతుల పెట్టాల్నా? ఏ ఊరి న్యాయం?"

అప్పుడు అతను నన్ను దాటి ముందుకొచ్చాడు.

"మామా, నువ్వు కేసు వేస్తె వేసుకో. నేను ఆపుత అంటలేను. మేడం సూసి, స్కాన్ చేసుకొని ఇచ్చేస్తది. రేపు పగటాలకల్ల నీ పేపరు నీ చేతుల పెడ్త. మడత గుడ పడది."

"కేసు నీ మీదనే గద."

"నా మీదనే."

"నీ మీద కేసుకు నువ్వే సాక్ష్యం తెచ్చిస్తవా?"

"తెస్త. నీ పేపరు నీది. నాకు జెరసేపు కావాలె, గంతే."

ఆయన కవరును అటూ ఇటూ తిప్పాడు. బర్రె తొట్టిలో మూతి పెట్టి గిలకొట్టింది. ఇన్నేళ్లలో ఎన్నో పంచాయితీలు చూశాను. ఎదుటివాడు ఏ అబద్ధం చెబుతాడో అని కాచుకుని ఉన్న మనిషికి, అబద్ధం రాకపోతే ఏం చేయాలో తోచదు.

"నేనొస్త" అన్నాడు చివరికి. "పేపరు నా చేతులనే ఉంటది."

పొద్దున ఏడింటికల్లా తన కారులోనే తయారయ్యాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో కవరు. అల్లుడు ముందు సీట్లో, నేనూ ఫొటోగ్రాఫరూ ఆయన పక్కన. డ్రైవింగు ఆయన కొడుకు. మియాపూరు దాటాక, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు.

"ఆ దేశంల బర్రెలుంటయా?"

"ఆవులే మామా. మస్తుగుంటయంట."

"పాలు?"

"పూటకు బకెట్లు బకెట్లంట. అంతా మిషన్లతోనే పిండుతరట."

"మిషన్ పెడితె ఆవు తన్నదా?"

"అది అడగలే మామా."

"అడుగు. పోయినంక అడుగు." ఒక్క నిమిషం ఆగాడు. "నువ్వు ఆడ ఏం జేస్తవ్?"

"నా బాయిలర్ సర్టిఫికెట్ ఆడ చెల్లదంట. మల్ల పరీక్ష రాయాలె. అందాక పాపను సూస్కుంట, వంట చేస్త."

ఫొటోగ్రాఫరు ఏదో అనబోతే మోచేత్తో పొడిచాను. పెద్దాయన మాత్రం ఎగతాళి చేయలేదు. "వరి అన్నం దొరుకుతదా?" అని మాత్రం అడిగాడు.

ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పది దాటుతుండగా పాస్‌పోర్టు ఆఫీసు గేటు దగ్గర దిగాం. లోపలికి దరఖాస్తుదారు ఒక్కడే పోవాలన్నాడు సెక్యూరిటీ గార్డు. పెద్దాయన కవరు ఛాతీకి హత్తుకుని ముందుకు జరిగాడు.

"నేను గుడ పోవాలె."

"అప్లికేషన్ మీదా?"

"కాదు. ఈయనది."

"మీరెవరు ఆయనకు?"

ఏడాదిగా ఆయన నోట ఈ మనిషి 'ఇల్లుటపోడు' తప్ప మరోటి కాలేదు. గేటు దగ్గర జనం తోసుకుంటున్నారు, గోడగడియారం పదిన్నరకు దగ్గరపడుతోంది. గార్డు అసహనంగా చూశాడు.

"ఎవరేంది? మామను" అన్నాడు ఆయన, గొంతు పెంచి. "పిల్లనిచ్చిన మామను!"

"మామలు బయటనే ఉండాలె" అన్నాడు గార్డు.

పెద్దాయన ఒకసారి గేటు వైపు, ఒకసారి గడియారం వైపు చూశాడు. కవరు అల్లుడి చేతిలో పెట్టాడు.

"చేతులు తుడ్సుకొని పట్టు. చెమట తగుల్తది."

తర్వాతి గంటన్నరలో నేను పడ్డ కంగారు ఏ ఎన్నికల ఫలితాల రోజూ పడలేదు. పెద్దాయన జిరాక్సు దుకాణం నీడలో నిలబడలేక ఎండలోనే అటూ ఇటూ తిరిగాడు. "ఏమన్న ఫోనొచ్చిందా?" అని నన్ను పదిసార్లు అడిగాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరని నేను పదిసార్లు చెప్పాను.

చివరికి అతను బయటికొచ్చాడు. పేపరును రెండు అరచేతుల మీద పళ్లెంలా పట్టుకుని నడుస్తున్నాడు. ముఖం చూడగానే ఫొటోగ్రాఫరు ఈల వేశాడు, రోడ్డు మీదివాళ్లంతా తిరిగి చూశారు.

"అయింది సార్! పేజీ మొత్తం సూసింది, తేదీ సూసింది. నాలుగు నెలల పేపరు ఇంత మంచిగ ఎవరు దాసిండ్రు అన్నది."

"నువ్వేమన్నవ్?" అన్నాడు పెద్దాయన.

"మా మామ అన్న."

పేపరు ఆయన చేతిలో పెట్టాడు. ఆయన విప్పి చూశాడు, మడత పడలేదు. మళ్లీ కవరులో పెట్టుకుని, "ఆకలైతలేదా ఎవరికీ?" అని గద్దించాడు.

పాస్‌పోర్టు వచ్చింది. తర్వాత వీసా ముద్రలూ పడ్డాయి, అతనికీ పాపకూ. కేసు సంగతి పెద్దాయన వేస్తాననీ అనలేదు, వేయననీ అనలేదు. ప్రయాణానికి ముందురోజు నేనూ ఫొటోగ్రాఫరూ ఆ ఊరికి వెళ్లాం. వాకిట్లో పెద్ద సూట్‌కేసు తెరిచి ఉంది, పాప అందులో కూర్చుని దిగనంటోంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బిహారీ దోస్తుకు అతను నిజంగానే మిఠాయి తినిపించాడు. అత్తమ్మ తొక్కు సీసా మూత బిగించి, చుట్టడానికి పాత పేపరు కోసం ఇల్లంతా వెతుకుతోంది.

"వదినే, ఆగు." గల్లీ దాటి పెద్దాయన వచ్చాడు. కవరులోంచి పేపరు తీశాడు.

నాకు తెలియకుండానే నోరు లేచింది. "పటేలా, ఆగు! అది నీ సాక్ష్యం గద!"

"ఊకో రిపోర్టరూ. నూనె కారితె పోరి గౌన్లు ఖరాబైతయ్."

వాకిట్లో గొంతుక్కూర్చుని, ఆ పేపరును సీసాకు గట్టిగా, పొందికగా రెండు చుట్లు చుట్టి, పురికొసతో కట్టాడు. పాపను సూట్‌కేసులోంచి ఎత్తి దించి, ఆ చోట సీసాను పెట్టాడు.

మర్నాడే నేను కత్తెరను ఫొటోగ్రాఫరు భార్యకు ఇచ్చేశాను. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పగలిగింది ఏదైనా ఉంటే ఇదే. మీరు ఎన్నేళ్లుగా ఒక పని చేస్తున్నా, ఎవరైనా వచ్చి "ఇది సాలా సార్?" అని అడిగితే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. నేను ఆగలేదు. నాకు ఇరవై ఐదేళ్ల అనుభవం ఉంది మరి.

వారం తర్వాత ఐర్లండు నుంచి ఒక ఫొటో వచ్చింది. చిన్న వంటగది. అతను అన్నం గిన్నె దగ్గర నిలబడి ఉన్నాడు, పాప అమ్మ నడుము వదలకుండా పట్టుకుని ఉంది. గట్టు మీద తొక్కు సీసా కింద ఆ పేపరు పరిచి ఉంది. ఈసారి నూనె కారలేదు. పేజీ మొత్తం ఉంది, పైన తేదీ కూడా కనిపిస్తోంది. ఫొటో దాచుకునేటప్పుడు, అంచులు కత్తిరించాలా అని ఫోను అడిగింది.

వద్దన్నాను.